పళ్ళేన్ని పిలిచే గొంతు

ఆ ఈస్టర్ సోమవారం ఎండిపోయిన ఏటి ఒడ్డున హంబిస్ తగువు గెలవడం నేను కళ్ళారా చూశాను. హలూమీ జున్ను ముక్కలు వేపుతూ పెనం ముందే ఉన్నాను. నేను లేనిపోనివి చెప్తున్నాననే మగాడు ఎవడైనా ఉంటే మా గుమ్మంలోకి వచ్చి అనమనండి.

మా ఊళ్ళో మట్టి పళ్ళేల్ని గాల్లోకి ఎగరేసి తుపాకీతో కొట్టే పోటీ ఏటా ఆ రోజునే. టోఫిస్ గోతిలో కూర్చుని స్ప్రింగు మిషను మీద పళ్ళెం పెడతాడు. గోతిలోంచి వాడికి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. పైన తుపాకీ పట్టినవాడు "రా" అని పిలిస్తే, అది విని తాడు లాగుతాడు. పళ్ళెం ఎగురుతుంది. పిలుపుని మైకులో విని తామే పళ్ళెం వదిలే మిషన్లు పట్నం క్లబ్బుల్లో ఉన్నాయట. మాకు టోఫిస్ చెవులే మిషను.

అందరూ "రా!" అని కుక్క మొరిగినట్టు మొరుగుతారు. హంబిస్ మాత్రం "రా...ఆ" అని, అలిగి గది మూల కూర్చున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు పిలిచేవాడు. ఆ ఏడు తీర్పరి లూకిస్. కసాయి కొట్టువాడు. కొత్త ఇటలీ తుపాకీ కొన్నప్పట్నుంచీ వాడి మెడ కిందికి వంగడం మానేసింది.

"ఏం పిలుపయ్యా అది? పొట్టిగా పిలవాలి. ఈ పళ్ళెం లెక్కలోకి రాదు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నా. నీ తుపాకీ లాగే నీ పిలుపూ పాతచింతకాయ పచ్చడే."

"మీ అమ్మ నిన్ను అన్నానికి ఎలా పిలిచేదిరా లూకీ? తుపాకీ పేల్చినట్టు పిలిచేదా?"

"మా అమ్మని మధ్యలోకి తేకు."

"మరి నాకూ నా పళ్ళేనికీ మధ్యలోకి నువ్వెందుకు వచ్చావు?"

అప్పుడు గోతిలోంచి మొహం నిండా దుమ్ముతో టోఫిస్ తల బయటికి వచ్చింది. "ఒరే, నన్నొక్క మాట అడగరేం? ఇంతమందిలో పిలుస్తున్నాడని నాకు తెలిసేది వీడొక్కడే. మీరంతా పిలుస్తున్నారో దగ్గుతున్నారో తెలీక చస్తున్నాను."

ఆడవాళ్ళం పడీ పడీ నవ్వాం. పెనం మీద హలూమీ మాడిపోయింది. లూకిస్ చెయ్యి విదిలించి, "సరే, పిలుచుకో. పెళ్ళికి కూడా పిలుచుకో" అన్నాడు. హంబిస్ మళ్ళీ "రా...ఆ" అన్నాడు. పళ్ళెం వచ్చింది. పొడైపోయింది.

హంబిస్‌కీ మాకూ ఒకటే గోడ. మా చర్చి పెళ్ళిలో మా ఇద్దరి నెత్తిన పెట్టిన కిరీటాలు అటూఇటూ మార్చిన తోడుపెళ్ళికొడుకు అతనే, ఆ వరసన నేను వదిననయ్యాను. ఊరి బస్సు నడిపేవాడు. తెల్లారకముందే ఒక్కొక్క కిటికీ కింద ఆపి ఒక్కొక్కర్ని పేరుపెట్టి పిలిచేవాడు. హారన్ కొట్టేవాడు కాదు. హారన్ కొడితే ముసలాళ్ళు ఉలిక్కిపడతారట. పాలు తాగే పిల్లలు మాత్రం అతని గొంతుకి నిద్రలేవకుండా నవ్వేవారని మా అమ్మాయి ఇప్పటికీ చెప్తుంది.

తుపాకీ సంగతి చెప్పాలి. పక్కపక్కన రెండు గొట్టాలు, రెండు మీటలు, కొట్లో అన్నిటికంటే చవకది. భుజానికి ఆనించే చెక్క అతనికి పొడుగైంది. రంపంతో కోసేసి, చివర పాత బస్సు టైరు ముక్క అతికించుకున్నాడు. నేను ఊరుకుంటానా? "బస్సు ఎక్కించావేమయ్యా తుపాకీని?" అన్నాను. "తన్నితే మెత్తగా తన్నాలి కదా వదినా, ఈ వయసులో" అన్నాడు. పిట్టల్ని కొట్టేవాడు కాదు. ఎందుకని అడిగితే, "పళ్ళెం పగిలితే దాని గూటిలో ఎవరూ ఎదురుచూడరు" అన్నాడు. ఆ మాట మగవాళ్ళ దగ్గర అనేవాడు కాదు. వాళ్ళతో మాంసం అరగదని చెప్పేవాడు.

ఆ తర్వాత, అందర్నీ పిలిచే ఆ గొంతులోనే జబ్బు పుట్టింది. నికోసియా పట్నంలో డాక్టర్లు కోసి తీసేశారు. మనిషి బతికాడు, మాట పోయింది. ఇప్పుడు ఊపిరి మెడ కింద చిల్లులోంచి. దాని మీద కప్పుకోడానికి ఆసుపత్రి వాళ్ళు ఏదో గుడ్డ ఇచ్చారు, గిన్నెలు తుడిచే గుడ్డలా ఉంది. నేను తెల్ల దారంతో చిన్న గుడ్డలు అల్లి ఇచ్చాను, ఆదివారానికి అంచున ద్రాక్షాకు వేసి మరీ. నా అల్లికకి వంక పెట్టేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు.

మాట్లాడాలంటే పెదాలు కదిపేవాడు. జనం మొదట్లో జాలితో తలూపేవారు, తర్వాత వేరే పక్కకి చూసేవారు. అతనికి అన్నం సహించింది, కాఫీ సహించింది. పళ్ళెం పిలవలేకపోవడం సహించలేదు. ఈ ఈస్టర్‌కి ఒక్కసారైనా కొట్టాలని ఉందని మొహం చూస్తే తెలిసేది. తుపాకీ తుడిచి అరుగు మీద పెట్టుకునేవాడు, మళ్ళీ తీసుకెళ్ళి బీరువాలో పెట్టేవాడు.

మా వాళ్ళు ఊరుకోలేదు. ఎవరో ఈల తెచ్చారు. నోట్లో ఊపిరి లేనివాడు ఈల ఎలా ఊదుతాడన్న ఇంగితం లేదు! టోఫిస్ మేక మెడగంట తెచ్చి హంబిస్ కాలికి కట్టాడు. కాలు కదిపితే తుపాకీ కదిలింది. "చెయ్యి ఊపితే చాలదా?" అని ఒకడన్నాడు. గోతిలో వాడికి చెయ్యి ఎలా కనపడుతుందిరా, నీ మొహం!

ఆఖరికి లూకిస్ వచ్చాడు. అవును, ఆ లూకిసే. టోపీ చేత్తో పట్టుకుని, "నీ బదులు నేను పిలుస్తాను హంబీ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, నేను ఒప్పుకుంటాను. ఏటి ఒడ్డుకి వెళ్ళారు. హంబిస్ చెంప ఇంకా చెక్కకి ఆననే లేదు, లూకిస్ మొరిగాడు. పళ్ళెం వెళ్ళిపోయింది. మళ్ళీ మొరిగాడు. హంబిస్ ఉలిక్కిపడి గాల్లోకి కాల్చాడు. గోతిలోంచి టోఫిస్, "ఆ అరుపుకి నేనే ఎగిరిపడుతున్నాను, వాడి చేతిలో తుపాకీ ఏం ఆగుతుంది!" అన్నాడు. లూకిస్ టోపీ పెట్టుకుని ఏటి వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం హంబిస్ తుపాకీని దుప్పట్లో చుట్టి బీరువా పైన పడేశాడు. చప్పుడు మా ఇంట్లోకి వినపడింది. గోడ మీదుగా తిట్టాను. "చచ్చిపోయింది గొంతే కానీ నువ్వు కాదు! మూతి ముడుచుకు కూర్చుంటే పళ్ళేలు నీ ఒళ్ళో వచ్చి వాలతాయా?" ఇంకా చాలా అన్నాను. నా నోరు మీకు తెలీదు, ఊరికి తెలుసు. అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరట్లో కొత్తిమీర కోస్తుంటే వచ్చాడు. తుపాకీ మడిచి చేతి మీద వేసుకున్నాడు, గొట్టాలు ఖాళీ అని ముందు నాకు చూపించాడు. మెడకి ద్రాక్షాకు గుడ్డ. ఆదివారం కాదు.

"ఏమిటి, ఇప్పుడు నన్ను కాలుస్తావా?" అన్నాను.

నవ్వాడు. తర్వాత నాకు వీపు పెట్టి నిలబడి, నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కుని, తన వీపున రెండు రెక్కల మధ్య ఆనించాడు. కొత్తిమీర తడి చొక్కాకి అంటింది. తుపాకీ ఎత్తి చెంప ఆనించాడు. అరచేతి కింద అతని ఊపిరి పైకి వచ్చింది, దిగింది, పైకి వచ్చింది, ఆగింది. ఆ ఆగినచోట అతను వేలితో నా చేతి మీద ఒక్కసారి తట్టాడు.

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆగింది. ఈసారి తట్టలేదు. పళ్ళెం రావలసింది ఇక్కడేనని నాకై నాకే తెలిసింది.

తుపాకీ దించి నా వైపు తిరిగాడు. నేను గాలి గట్టిగా పీల్చి, గొంతు సవరించుకుని, ఊరంతా వినేలా నోరు తెరవబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నాకు అర్థమయ్యేలా మెల్లగా, ఒక్కొక్క మాటే పెదాలతో చెప్పాడు.

"కసరకు వదినా. పిలువు."