రెండో పాదం దాటని పద్యం

రెడ్డిగూడెం నుంచి చుట్టాలు పంపిన మామిడిపళ్ల బుట్ట ఇవాళ విప్పగానే వరిగడ్డి వాసన గుప్పుమంది. వెంటనే మా నాయనమ్మ మీద కోపం వచ్చింది.

మన ఈడువాళ్లకి గుర్తుందిగా, చిన్నరసాలు గడ్డిలో మాగేసే ఆ వెచ్చటి గది? సాయంత్రాలు ఆవిడ అక్కడ కాయలు నొక్కి చూసి పండినవి ఏరుతుంటే, నేను పక్కన కూర్చుని బళ్లో అప్పజెప్పాల్సిన పద్యం బట్టీ పట్టేదాన్ని.

అత్తారింటికి వెళ్లే కూతురికి తల్లి జడ వేస్తోందని మొదటి పాదం. సగంలో ఆ తల్లి చేతులు ఆగిపోయాయని రెండోది. అంతే! నాయనమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండేది, కొంగు కళ్లమీదికి వెళ్లేది.

"ఆగవే, ఆ ముక్క మళ్లీ చదువు."

"ఎన్నిసార్లు నాయనమ్మా! ఆవిడ ఏడ్చిందని పద్యంలో ఎక్కడా లేదు. నువ్వెందుకు ఏడుస్తావ్?"

"ఏడ్చిందని చెప్పేస్తే విని ఊరుకుందును. చేతులు ఆగిపోయాయన్నాడే, మహానుభావుడు!"

మళ్లీ మొదటికి. మూడో పాదానికి పోనిస్తేనా? మర్నాడు క్లాసులో రెండు పాదాలు గడగడా చెప్పి గుడ్లప్పగించాను. తెలుగు మాస్టారు బెంచీ ఎక్కించి, "మిగతా సగం ఎవరు మింగారే?" అన్నారు. మా నాయనమ్మని ఎలా చెప్పను?

ఇందాక మా మనవరాలికి ఆ పద్యం వినిపిద్దామని మొదలుపెట్టాను. రెండో పాదం దగ్గర నా కొంగూ కళ్లమీదికి వెళ్లింది. ఏమిటో, ఈ వయసులో!

"తర్వాతేంటి అమ్మమ్మా?" అంది.

తర్వాతేముందో నాకేం తెలుసు! ఆ మహాతల్లి చదవనిస్తేగా!