జోలె పట్టిన మా అత్తగారు

మా అత్తగారు పోయి నెల దాటింది. పేగుల్లో రాచపుండు, అదే కేన్సరు, అన్నారు బందరు డాక్టరుగారు. పామర్రు దగ్గర మా ఊళ్ళోనే, తెల్లవారుతుండగా పోయారు. కబురు చెప్పడానికి మనుషులు బయల్దేరుతుంటే మా పెదమావగారు గుమ్మంలో ఆపి, "జ్వరమొచ్చి పోయిందని చెప్పండ్రా. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలున్నారు" అన్నారు. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని నేనా మాట విన్నాను.

ఆ జబ్బు పేరు దాచకూడదనే ఆవిడ అన్నేళ్ళు ఇల్లిల్లూ తిరిగారు.

నేను కాపరానికొచ్చిన ఏడే మా పెద్దాడపడుచు అదే జబ్బుతో మద్రాసు ఆసుపత్రిలో పోయింది. రొమ్ములో గడ్డ వస్తే సిగ్గుపడి ఏడాది ఎవరికీ చెప్పలేదు. "దీనికి మందు ఇంకా వెతుకుతున్నామమ్మా" అన్నారట అక్కడి డాక్టరు. మా అత్తగారు ఆ ఒక్క మాటా పట్టుకుని ఇంటికొచ్చారు. "వెతికేవాళ్ళకి ఎవరో ఒకరు కూడు పెట్టాలి కదా" అన్నారు.

తిరపతి మొక్కున్నవాళ్ళు ఎంత కలిగినవాళ్ళయినా జోలె పట్టి బిచ్చమెత్తుతారు. ఆవిడా అలాగే పసుపు గుడ్డ జోలె కట్టుకుని శనివారం శనివారం బయల్దేరేవారు. వచ్చిన బియ్యం అమ్మించి, పరిశోధన చేసే ఆ డాక్టర్లకి మనియార్డరు చేయించేవారు. అమ్మేసే బియ్యమైనా చేటలో పోసుకుని రాళ్ళేరేవారు. మా వారు నవ్వితే, "మందు కనిపెట్టేవాళ్ళ బియ్యంరా, రాయుండకూడదు" అనేవారు.

జోలె చూసి అందరూ, "కొండకెప్పుడు పిన్నిగారూ?" అని అడిగేవారు.

"కొండక్కాదమ్మా. రాచపుండుకి మందు వెతికేవాళ్ళకి."

"అబ్బ! పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆ పేరేంటండీ?"

"పది కేకలేసినా మా ఇంట్లో ఆయనే అన్నానికి రారు. పేరు తలిస్తే జబ్బొస్తుందటే?"

నవ్వి పెట్టినవాళ్ళున్నారు. తలుపేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఒక శనివారం ఆవిడకి ఒళ్ళు వెచ్చబడి నన్ను పంపారు. మూడో క్లాసుతో బడి మానేసినదాన్ని, పరాయివాళ్ళతో మాట్లాడాలంటే నాకు భయం. ఆ పేరు నా నోట రాలేదు. "గోవిందా" అన్నాను. కొండకే అనుకుని అందరూ దోసిళ్ళతో పోశారు. జోలె నిండా తెస్తే ఆవిడ మురిసిపోలేదు. "ఏమని అడిగావే అమ్మాయ్?" అన్నారు. చెప్పాను.

"వాళ్ళు దేవుడికి పెట్టారే. చెప్పకుండా మనమెలా వాడుకుంటాం?"

ఆ జ్వరంతోనే లేచి నన్ను వెంటబెట్టుకుని ప్రతి ఇంటికీ వెళ్ళారు. "మా కోడలు చిన్నది, చెప్పలేకపోయింది. ఇష్టం లేకపోతే మీ బియ్యం మీరు తీసేసుకోండి" అన్నారు. కొందరు తీసుకున్నారు. నేను ఆవిడ వీపు చాటున నిలబడి ఏడ్చాను. దారిలో నన్నొక్క మాటా అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "మీ వదిన కూడా నీలాగే సిగ్గరి" అన్నారు.

ఇప్పటికీ వంటింట్లో ఏదన్నా కావలసొస్తే "అత్తయ్యగారూ" అని నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

మొన్న శనివారం జోలె కట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. చెరువు వీధిలో ఒక ఇల్లాలు, నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, గిన్నెతో బియ్యం తెచ్చి, "అత్తగారు జ్వరంతో పోయారటగా?" అంది.

నేల చూశాను. "కాదండీ. రాచపుండుతో పోయారు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పాను.

గిన్నె వెనక్కి తీసుకుంటుందనుకున్నాను. ఆవిడ వీధిలోకి అటూ ఇటూ చూసి, "లోపలికి రా చెల్లీ" అని తలుపు దగ్గరికేసింది. గిన్నె కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని తన పమిట కిందకి, చంక పక్కకి తీసుకెళ్ళింది. వేళ్ళకి రేగ్గింజంత గడ్డ గట్టిగా తగిలింది. ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. నేను చెయ్యి తియ్యలేదు.