ఒట్టి పొడి ఎవరి వంతు

ములకలపల్లి బస్టాండు దగ్గర నాకు మందుల దుకాణం ఉంది. ఒక అరలో ఇంగ్లీషు మందులు, ఎదురు అరలో చూర్ణాలు, లేహ్యాలు. సత్తుపల్లి వైపు నుంచి వచ్చి మా నాన్న పెట్టిన దుకాణం, నలభై ఏళ్ళయింది. ఈ రెండు అరల గురించి జనం మాట్లాడే మాటలు విని విని నాకు విసుగొచ్చింది. చూర్ణం తింటే ఏ హానీ ఉండదని ఒకడంటాడు. ఆకుల పొడితో జబ్బులు పోతాయా అని ఇంకొకడు వెక్కిరిస్తాడు. రుజువు చూపించమంటే ఇద్దరూ నీళ్ళు నములుతారు. రుజువు కోసం పట్టుబట్టిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె యశోద.

యశోద అడివంచు గూడెంలో పుట్టిన కోయ పిల్ల. ఇంటర్ దాకా చదివింది. ఆమె తల్లికి మోకాళ్ళ నొప్పులుండేవి. తునికాకు కోతకు పోవాలి, ఇప్పపువ్వు ఏరాలి, నడవకపోతే పూట గడవదు. అందుకని పొద్దునొక నొప్పి గోళీ, రాత్రొక గోళీ వేసుకుని ఎనిమిదేళ్ళు నడిచింది. ఆ గోళీలు అమ్మింది నేనే. ఒక్కసారి కూడా డాక్టరు చీటీ అడగలేదు. చివరికి ఆమె కిడ్నీలు పాడయ్యాయి. భద్రాచలంలో ఏడాదిన్నర డయాలసిస్ చేయించినా దక్కలేదు.

దినాలయ్యాక యశోద దుకాణానికొచ్చింది. తిడుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను.

"సారూ, రోజూ నడిచేటోళ్ళు రోజూ వేసుకున్నా కిడ్నీలు ఖరాబు గాని మందు ఏదన్న ఉన్నదా?" అని అడిగింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ మరుసటేడు హైదరాబాద్ నుంచి రాజ్యశ్రీ అనే ఆయుర్వేద డాక్టరు వచ్చింది. అందుగు చెట్టు బంక మా అడవుల్లో దొరికేదే. దానితో చేసిన చూర్ణం మోకాళ్ళ నొప్పికి నిజంగా పనిచేస్తుందా, కిడ్నీలకు చేటు చేస్తుందా అని మూడు గూడేల్లో పరీక్షిస్తారట. మందు పెట్టెలు పెట్టుకోవడానికి నా దుకాణం వెనక గది అడిగారు. ఊళ్ళు తిరిగే పనికి మనిషి కావాలన్నారు. యశోద పేరు నేనే చెప్పాను.

గూడేనికి పద్దెనిమిది మంది, మోకాళ్ళ నొప్పులున్న ఆడవాళ్ళు. సగం మందికి అందుగు చూర్ణం, సగం మందికి అదే రంగు, అదే వాసన వచ్చేట్టు చేసిన ఒట్టి పొడి. పెట్టెల మీద అంకెలే తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరికి ఏది వెళ్ళిందో తినేవాళ్ళకు తెలియదు, ఇచ్చే యశోదకు తెలియదు, రాజ్యశ్రీకి కూడా తెలియదు. నాలుగు నెలలు గడిచాక హైదరాబాద్‌లో ఆ జాబితా ఉన్న కవరు విప్పితేనే తెలుస్తుంది. యశోద వారానికోసారి ఇంటింటికీ తిరిగి ఖాళీ పొట్లాలు వెనక్కి తీసుకుంటుంది. సున్నా నుంచి పది దాకా గీతలున్న అట్ట చూపించి, నొప్పి ఎంతుందో వేలు పెట్టమంటుంది. నెలకోసారి రక్తం తీయిస్తుంది.

సంతకాలు తీసుకున్న రోజు యశోద ఏదీ దాచలేదు. సగం మందికి వచ్చేది ఒట్టి పొడేనని తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి చెప్పింది. దాచితే మోసం కదా అంది. తీరా ఆ నిజాయితీయే కొంప ముంచింది.

ఆరో వారం ఆమె సొంత గూడెంలో పద్దెనిమిది మందికీ నొప్పి కాస్త కాస్త తగ్గింది, అందరికీ ఒకే తీరుగా. ఒక్క పొట్లం కూడా మిగల్లేదు. నేనైతే సంబరపడేవాణ్ణి. యశోద మాత్రం ఖాళీ పొట్లాలన్నీ వెనక గదిలో బల్ల మీద పరిచి చూసింది. అన్నీ కత్తెరతో ఒకే అంచున సాఫుగా కోసి ఉన్నాయి. గూడెం మొత్తానికి కత్తెర ఉన్నది జాకెట్లు కుట్టే ముత్తక్క ఇంట్లోనే.

"సారూ, బండి తీయండి" అంది.

మేం వెళ్ళేసరికి ముత్తక్క ఇంటి వసారాలో ఆడవాళ్ళంతా వరసగా కూర్చున్నారు. మధ్యలో పెద్ద డబ్బా, దాని నిండా చూర్ణం. అందరిలోకీ పెద్దది, యశోద తల్లికి అడవి తోడు పూలి, చెంచాతో తలా కొంత పెడుతోంది.

"ఏందత్తా ఇది?" అంది యశోద.

"ఏముందే? అందరియి కలిపినం. తలా ఒక చెంచ."

"ఎవలియి వాళ్ళే తినాలని చెప్పిన గద!"

"చెప్పినవ్. సగం మందికి ఒట్టి పొడి అని గూడ నువ్వే చెప్పినవ్. ఒకళ్ళ నోట్లె మందు, ఒకళ్ళ నోట్లె మన్ను పోస్తమా? కొత్త చిక్కుడుకాయ గూడ పండుగ చేసి అందరం కలిసే తింటం. మందుకాడ వేరైతమా?"

పూలి అన్నదాంట్లో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరుగు దారిలో నేను పిరికి సలహా ఇచ్చాను. "ఎవరికీ చెప్పకమ్మా. చెబితే నీ ఉద్యోగం పోతుంది. ఇకనుంచి ఎవరి పొట్లం వాళ్ళని తినమను, సరిపోతుంది."

"సరిపోదు సారూ. కలిపి తింటే అందరికీ ఒక్క తీరే తగ్గుతది. రేపు కవరు విప్పి, మందుకు ఒట్టి పొడికి ఫరక్ లేదని రాస్తరు. మంచి మందే అయినా మూలకు పడుతది. మా అమ్మ అసొంటోళ్ళకు మల్ల మీ గోళీలే దిక్కు."

బండి దిగగానే ఆమె రాజ్యశ్రీకి ఫోన్ చేసింది.

మర్నాడే డాక్టరు దిగింది. వెనక గదిలో తల పట్టుకుని కూర్చుంది. "ఈ గూడెం మొత్తం తీసేయాల్సిందే యశోదా. వేరే దారి లేదు."

"మనుషులు తక్కువైతే ఏదీ తేలదని మీరే చెప్పిన్రు గద మేడమ్. మల్ల మొదటి నుంచి చేద్దాం."

"మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ కలిపేయరని గ్యారంటీ ఏంటి?"

"ఒట్టి పొడి వంతు వచ్చినోళ్ళకు ఆఖర్న అసలు మందు ఇస్తమని మనం రాసియ్యలే. ఆ తప్పు మనదే మేడమ్. అది రాసియ్యండి, నేను ఒప్పిస్త."

డాక్టరు మొహం ఎర్రబడింది. ఫీల్డ్ వర్కరు అంత మాట అంటుందని అనుకుని ఉండదు. ఇలాంటి పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీ అనుమతి కావాలి, నెలలు పడుతుంది అంది. పడితే పడనీ అంది యశోద. రెండు నెలల పాటు ప్రతి సోమవారం ఫోన్ చేసి అడిగింది. పరీక్ష ఆగడంతో జీతం ఆగిపోయినా అడగడం మానలేదు. ఆ మొండితనం చూసి నాకు ముచ్చటేసింది. డాక్టరు చీటీ లేకుండా నొప్పి గోళీలు అమ్మడం నేను మానేసింది ఆ రెండు నెలల్లోనే.

అనుమతి కాగితం వచ్చింది. గూడెమంతా కూర్చున్నారు. యశోద చదివి వినిపించింది.

"ఒట్టి పొడి వచ్చినోళ్ళు నాలుగు నెలలు నొప్పితోటే ఉండాల్నా?" అడిగింది పూలి.

"ఉండాలె అత్తా. వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు."

తియ్యటి మాట ఒక్కటి కూడా కలపలేదు.

"మీ అమ్మ, నేను ఒక్క జట్టున ఆకు కోసినం" అంది పూలి. "నా పెట్టె నాకియ్యి."

ఆ తర్వాత ఎవరూ వెనక్కి తగ్గలేదు.

మళ్ళీ మొదలెట్టాక పదో వారం నేనూ వెంట వెళ్ళాను. ముత్తక్క అట్ట మీద మూడు చూపించింది. మోకాలు మడిచి మిషన్ దగ్గర కూర్చుని మరీ చూపించింది. పక్కింట్లో పూలి గడప దాటడానికి రెండు చేతులూ గోడకు ఆనించింది. మొదటి వారం ఎక్కడ పెట్టిందో వేలు అక్కడే, ఎనిమిది మీదే పెట్టింది.

యశోద కలం ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇడిసిపెట్టరాదత్తా. ఎవలేమనరు."

"నాది ఒట్టి పొడే అని నాకెరుకే" అంది పూలి. "నేను ఇడిసిపెడితే ముత్తక్కకు తగ్గింది మందుతోనని ఎవలు నమ్ముతరు? ఎందుకాగినవ్? ఎనిమిదని రాయి."

యశోద ఎనిమిదని రాసింది. పూలి ఆ పూట పొట్లం చింపి, పొడి మొత్తం నోట్లో పోసుకుని, పైన నీళ్ళు తాగింది.