వెల్డా వంటింట్లో తూటాలు

ఎల్క్ పర్మిట్ వచ్చిన రోజు వెల్డా ఓస్టెర్‌గార్డ్ పిండి చేతులతోనే రోడ్డు దాటి మా ఇంటికి వచ్చింది. చేతులు ఖాళీ లేక మోచేత్తో తలుపు కొట్టింది. తీసేసరికి గుమ్మంలో నిలబడి, "వచ్చింది! గ్రేలింగ్ మైదానానికే వచ్చింది!" అని అరిచింది. ఆ కేకకి మా కుక్క బల్ల కింద దూరింది.

ఎల్క్ అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పి. మా మోంటానా కొండల్లో కొన్నిచోట్ల దాన్ని వేటాడాలంటే లాటరీలో పేరు రావాలి. గ్రేలింగ్ మైదానానికైతే ఏటా వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికే ఇస్తారు. వెల్డా తల్లి థోరా బతికినన్నాళ్ళూ దరఖాస్తు పెట్టింది. ఒక్కసారీ రాలేదు. ఆవిడ తన పాత రైఫిల్‌తో కొట్టిన జింక మాంసంతో నలుగురు పిల్లల్ని పెంచింది. మంచాన పడ్డాక ఒకనాడు ఆ రైఫిల్‌నే తెప్పించుకుని, దాని చెక్క మీద అరచెయ్యి రాసి, వెల్డా చేతిలో పెట్టింది. "నీకెప్పుడైనా గ్రేలింగ్ వస్తే దీన్ని తీసుకెళ్ళు. వేరేది వద్దు" అంది. వెల్డా సరేనంది. ఇక మాట తప్పే మనిషి కాదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ రైఫిల్‌కి పట్టే తూటాలు ఇప్పుడెవరూ సరిగ్గా చేయడం లేదు. పెట్టెలో మూడే మిగిలాయి, అవీ పచ్చగా చిలుము పట్టి. వేట మొదలయ్యేది అక్టోబర్ చివరివారం.

మా ఊరు విలో ఫోర్క్‌లో పశువుల దాణా అమ్మే కొట్టు వెనక భాగంలోనే తుపాకుల కౌంటరుంది. అక్కడుండే లొయెల్ ఫోగ్ చిన్నప్పుడు వెల్డా వండిన బడి భోజనం తిని పెరిగినవాడే. ముఖం మీద నవ్వన్నది కనపడనీయకుండా జోకులేసే రకం.

"ఇరవై తూటాల డబ్బా ఎనభై డాలర్లు, మిసెస్ ఓ," అన్నాడు. ఓస్టెర్‌గార్డ్‌ని కుదించి బడి పిల్లలు పిలిచే పిలుపది. "అదీ దొరికితే. నాకు కిందటేడాది మార్చిలో ఒకటొచ్చింది. తలుపు తీసేలోపే పోయింది."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"నేను రిటైరయ్యేలోపు రావచ్చు."

"ఒరే లొయెల్, నీకు మూడో తరగతిలో రెండో తీపి రోల్ ఎవరు పెట్టారో గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే నిజం చెప్తున్నా. కొనడం మానేసి ఇంట్లో చేసుకోండి. మీరు గ్రాములు తూచి పిండి కలిపే మనిషి. మీకిది కష్టమేం కాదు. డబ్బుకే కష్టం."

అప్పుడు ఒక్కొక్కటే తీసి కౌంటర్ మీద పెట్టడం మొదలుపెట్టాడు. పిడి కిందికి లాగి నొక్కే ఇనుప ప్రెస్. దానికి బిగించే అచ్చు. కాలిన తూటా గుల్లని మళ్ళీ సరైన కొలతకి నొక్కేది అదే. తుపాకీ మందు తూచే త్రాసు. ఇత్తడి గుల్లలు, గుండ్లు, మందు డబ్బా, గుల్ల అడుగున నిప్పు రాజేసే ప్రైమర్లు. ఏది ఎంత పడాలో చెప్పే లావుపాటి పుస్తకం. "ఆ పుస్తకం దాటి ఒక్క రవ్వ ఎక్కువెయ్యకండి. అది వంటల పుస్తకం కాదు, రుచి చూసి సరిచేసుకోడానికి" అన్నాడు. ఆ ఒక్కటీ జోకులా అనలేదు.

మొత్తం ఏడొందల డాలర్లకి దగ్గర్లో తేలింది.

వెల్డా భర్త ఆర్లిస్ గ్రేడర్ నడుపుతాడు, మా కౌంటీ అంటే జిల్లా రోడ్లు చదును చేసే పెద్ద బండి. మాట తక్కువ, కానీ లెక్క దగ్గర మాత్రం నోరు విప్పుతాడు. ఆ సాయంత్రం నేనూ వాళ్ళ బల్ల దగ్గరే ఉన్నాను.

"అంటే ఖర్చు తగ్గించుకోడానికి ఏడొందలు పెడతావన్నమాట," అన్నాడు ఆర్లిస్.

"మొదట్లోనేగా. తర్వాత తూటాకి డాలరు పడుతుంది."

"ఎన్ని కాలిస్తే మన డబ్బు వెనక్కొస్తుందే?"

"రెండొందల పైన కాలిస్తే."

"మీ అమ్మ జన్మంతా కలిపి ఎన్ని కాల్చిందో?"

వెల్డా లెక్కేసింది. "ఓ అరవై ఉంటాయేమో. మా అమ్మ గురి తప్పేది కాదుగా."

ఆర్లిస్ నా వైపు తిరిగాడు. "చూశారా? అత్తగారు బతికుంటే లాభాలు చూడ్డానికి ఇంకో మూడు జన్మలెత్తాలి. ఇంత ఖర్చుకి ఆవుని కొంటే సరి. దానికి లాటరీ కూడా లేదు."

"ఆవు నీ కోసం కొండ మీద నిలబడదుగా."

"నిలబడుతుంది. కంచె తెరిచి పెడితే చాలు."

ఇంటి డబ్బు ముట్టుకోను, రోల్స్ చేసి అమ్ముతానంది వెల్డా. మా వైపు చిల్లీ గిన్నె పక్కన దాల్చినచెక్క రోల్ లేకపోతే అది భోజనం కిందకి రాదు. కారంగా ఉడికించిన ఆ బీన్సూ మాంసమూ ఒక చెంచా, తీపి రోల్ ఒక ముక్క, అలా తినాలి. బడి పిల్లలకి ముప్పై ఏళ్ళు ఆ రోల్స్ చేసిన చెయ్యి వెల్డాది. పళ్ళెం ఇరవై డాలర్లని చెప్పగానే కోతల కాలపు ఊరంతా ఎగబడింది. అప్పట్నుంచి ఆమె లెక్కలన్నీ పళ్ళేల్లోనే. "ఇవాళ త్రాసు వచ్చింది, మూడు పళ్ళేలు" అనేది. "ప్రైమర్లు అయిదు పళ్ళేలట, దొంగవెధవలు" అనేది. ప్రెస్‌కి పది పళ్ళేలు పట్టాయి. గుల్లలైతే దొరకడమే గగనం. లొయెల్ ఎక్కడెక్కడో అడిగి ఒక సంచి తెప్పించాడు. ఆర్లిస్ రోజూ బయట అరుగు మీద కూర్చుని, "ఇంకో గుండు వెళ్తోంది" అని రోల్స్ పట్టుకుపోయేవాళ్ళకి చెయ్యి ఊపేవాడు. మధ్యలో ఒక రోల్ తానూ తినేసేవాడు. దానికి డబ్బు ఇవ్వమంటే, "నేను భాగస్వామిని" అనేవాడు.

సెప్టెంబరు గడిచేసరికి అన్నీ సమకూరాయి. వంటింటి గట్టు చివర ప్రెస్ బిగించింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. పొయ్యి ఆర్పేసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "మాట్లాడకండి, చూడండి" అంది.

గుల్లని అచ్చులోకి తోసేముందు ఇరుక్కోకుండా సన్నగా మైనం రాయాలని పుస్తకంలో ఉంది. రాసింది కూడా. కానీ బడి వంటగదిలో తనిఖీ వాళ్ళు తెల్లగుడ్డతో బల్ల తుడిచి చూసేవారు. అలాంటి చోట పనిచేసిన మనిషి చేతులు జిడ్డుని ఎలా భరిస్తాయి? మైనం రాసిన ప్రతి గుల్లనీ తువ్వాలుతో తళతళలాడేలా తుడిచి మరీ అచ్చులో పెట్టింది. ఒకటి కీచుమంటూ వెళ్ళి కీచుమంటూ వచ్చింది. రెండోదానికి బలం వేయాల్సి వచ్చింది. మూడోది వెళ్ళింది, రాలేదు. వెల్డా రెండు చేతులతో పిడిని పైకెత్తింది. టప్పుమని చప్పుడై పిడి చేతిలోకి తేలిపోయింది. గుల్ల అడుగంచు చిరిగి చేతికొచ్చింది. మిగతాది అచ్చులోనే బిగుసుకుపోయింది.

లొయెల్‌కి ఫోన్ చేసింది. వాడు అటునుంచి పెద్దగా నిట్టూర్చాడు. "మొదటిసారి చేసేవాళ్ళు అందరూ చేసే పనే, మిసెస్ ఓ. కానీ ఆ సైజు అచ్చు ఇప్పుడు దేశంలో ఎక్కడా లేదు. కంపెనీవాళ్ళు ఫిబ్రవరిలో చేస్తారట."

వెల్డా ఫోన్ పెట్టేసి గట్టు మీద చేతులు ఆనించి నిలబడింది. "వెన్న రాయకుండా పళ్ళెంలో పిండి పోసినట్టు చేశాను," అంది. "ఎవరైనా పిల్ల అలా చేస్తే వంటగదిలోంచి తరిమేసేదాన్ని."

ఆర్లిస్ అప్పుడే పనినుంచి వచ్చాడు. అచ్చుని చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. ఏదైనా అంటాడని వెల్డా కాచుకుని ఉంది. ఆయన చివరికి, "నీ చేతులు ఇంత బలమైనవని పెళ్ళికి ముందు చెప్పాల్సింది" అన్నాడు.

"ఆర్లిస్, ఇప్పుడు కాదు."

"ఇది గ్రేడర్ ఇరుసులో బుష్ ఇరుక్కున్నట్టే ఉందే. రేపు మా బళ్ళ షెడ్డుకి పద."

మర్నాడు శనివారం. కౌంటీ షెడ్డు అధికారి అనుమతి ఇచ్చాడు, ఒక పళ్ళెం రోల్స్ తీసుకుని. ఆర్లిస్ అచ్చుని బల్లకున్న వైస్ దవడల మధ్య బిగించి, ఇరుక్కున్న గుల్ల అడుగు మధ్యలో డ్రిల్ పెట్టాడు. డ్రిల్ కొంచెం పక్కకి జారినా అచ్చు గోడ గీసుకుపోతుంది. ఇక ఫిబ్రవరే గతి. వెల్డా నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి నాకు.

"మెల్లగా," అంది వెల్డా.

"మెల్లగానే ఉన్నా."

"ఇంకా మెల్లగా."

"ఇంకా మెల్లగా అంటే ఆపేయడమే."

రంధ్రం పడింది. దాని లోపల బోల్టు పట్టేలా మరచుట్లు కోశాడు. ఒక బోల్టు దూర్చి, కింద ఇనుప గొట్టం ముక్క ఆనించి, పానా వేసి తిప్పాడు. బోల్టు తిరగడానికి మొండికేసింది. ఆయన మళ్ళీ బలమంతా వేసి తిప్పాడు. గుల్ల అంగుళం కదిలింది, ఆ తర్వాత జరజరా వచ్చేసింది. ఆర్లిస్ అచ్చులోకి దీపం వేసి ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమైందో చెప్పు, చచ్చిపోతున్నా!"

"అద్దంలా ఉంది," అన్నాడాయన. వెల్డా ఆయన గ్రీజు చొక్కానే కావలించుకుంది. ఆ రోజు జిడ్డు సంగతి తలవలేదు.

ఆ తర్వాత వారం ఆ ఇంట్లో పంచాయతీ వేరే. గుల్లలకి మైనం రాసే పని తనదేనని ఆర్లిస్ పట్టుపట్టాడు. "నువ్వు తుడిచేస్తావు, నిన్ను నమ్మను" అన్నాడు. ఆవిడ మందు తూచేది. త్రాసు ముల్లు నిలబడేదాకా ఊపిరి కూడా బిగపట్టేది. ఎవరు మాట్లాడినా వేలు చూపించి నోరు మూయించేది. ఆయన పూర్తయిన ప్రతి తూటానీ కిటికీ వెలుగులో ఎత్తి చూసి, "ఇది మంచి పిల్ల" అని పెట్టెలో నిలబెట్టేవాడు. ఊరవతల గోతిలో అట్టముక్క పెట్టి మూడు తూటాలు కాల్చి చూశారు. మూడు రంధ్రాలూ ఒక రోల్ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఆర్లిస్ ఆ అట్టముక్కని చొక్కా జేబులో మడిచి పెట్టుకుని దాణా కొట్టుకీ, పోస్టాఫీసుకీ, చర్చికీ తీసుకెళ్ళాడు.

వేట మొదటిరోజున ముగ్గురం వెళ్ళాం. వెల్డా వేటకి, మేమిద్దరం మోయడానికి. గ్రేలింగ్ మైదానం మీద చీలమండ లోతు మంచు. తెల్లవారిన కాసేపటికి పైన్ చెట్ల అంచునుంచి ఎల్క్‌ల మంద దిగింది. వెల్డా మంచులో బోర్లా పడుకుని థోరా రైఫిల్‌ని సంచి మీద ఆనించింది.

"ఎడమవైపుది పెద్దది," అని గుసగుసలాడాడు ఆర్లిస్.

"చూశాను."

"గాలి మనవైపే..."

"ఆర్లిస్, ఇంకొక్క మాటన్నావంటే ముందు నిన్ను కాలుస్తా."

తుపాకీ పేలింది. ఎడమవైపు ఎల్క్ నాలుగడుగులు వేసి, ముందుకాళ్ళ మీద కూలి, మళ్ళీ లేవలేదు. ఆర్లిస్ టోపీ గాల్లోకి విసిరి కిందికి పరుగెత్తబోయాడు. వెనక్కి చూస్తే వెల్డా మోకాళ్ళ మీద మంచుని చేతులతో జల్లిస్తోంది.

"ఏం చేస్తున్నావే? అదక్కడ పడింది!"

"గుల్ల ఎగిరి ఇక్కడెక్కడో పడింది. దొరక్కుండా నేను కదలను."

ఆర్లిస్ వెనక్కొచ్చి తనూ మోకాళ్ళ మీద పడ్డాడు. ముగ్గురం కోళ్ళలా మంచు తవ్వాం. చివరికి ఆర్లిస్ చేతికే చిక్కింది. ఇంకా కాస్త వెచ్చగా ఉందట. చొక్కాకి తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఎల్క్ దగ్గరికి వెళ్ళాక వెల్డా దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"అమ్మ ఇప్పుడిక్కడుంటే ఏమనేదో తెలుసా?" అంది.

"ఏమనేది?" అన్నాడు ఆర్లిస్, టోపీ తీసి పట్టుకుని.

"'రోడ్డెంత దూరం?' అనేది."

ఆర్లిస్ వెనక్కి తిరిగి మేమెక్కి వచ్చిన వాలునీ, దాని కింద లోయనీ, లోయకి అవతల అగ్గిపెట్టెంత కనిపిస్తున్న మా ట్రక్కునీ చూశాడు. తర్వాత ఆ గుర్రమంత ఎల్క్‌ని చూశాడు. "అత్తగారికి పర్మిట్ ఎందుకివ్వలేదో ఇప్పుడర్థమైంది. మోసేవాళ్ళ మీద జాలి" అన్నాడు. వెల్డా నవ్వుతూనే కత్తి తీసింది.