గుండీలక్క కనీస ధర

ఈ వీధిలో ఎవరు ఎవరితో మాటలు మానేశారో పూసగుచ్చినట్టు చెబుతారు గానీ, గుండీలక్క గురించి మీలో ఒక్కరైనా నోరు విప్పి అడిగారా? మీ చిన్నప్పటి చొక్కాలన్నీ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే.

మెట్ల కింద గదిలో కుట్టుమిషనూ, ఎదురుగా ముక్కాలి పీటా ఉండేవి. గుండీ ఊడినా, జిప్పు పట్టేసినా అందరూ అక్కడికే. ఐదు నిమిషాల పనికి వచ్చి ఆ పీట మీద గంట కూర్చునేవాళ్ళు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. వాళ్ళ కబుర్లే ఆవిడకి ఇల్లూ వాకిలీ.

మేడ మీద ఉండే వదిన ఒకరోజు దిగొచ్చి దులిపేసింది.

"గుండీకి చిల్లర పుచ్చుకుంటావు. సూదిలో దారం ఎక్కించేసరికే నీకు సగం పూట అయిపోతుంది. ఎంత చిన్న పనైనా ఇంతకి తక్కువైతే పట్టనని రాసి పెట్టు."

"రారేమో, వదినా."

"రాకపోతే పీడా పోయింది. ఆ పీటెక్కి కూర్చునేవాళ్ళేమైనా నీకు కూడు పెడతారా?"

మాట నిజమే. అద్దె పెరిగింది, చూపు తగ్గింది. జిప్పు మార్చే కూలినే కనీస ధరగా అట్టముక్క మీద రాసి తగిలించింది. గుండీ ఒకటైనా నాలుగైనా అంతే.

వారం రోజులు ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఎదురింటి టీచరమ్మ ఒక చొక్కా పట్టుకొచ్చి, అట్ట చదివి వెనక్కి తిరిగింది. గుండీలక్కకి ప్రాణం ఊరుకోలేదు.

"ఇలా ఇవ్వండి టీచరుగారూ, ఒక్క గుండీయేగా, ఊరికే వేసిస్తాను. కూర్చోండి."

"ఊరికే ఎందుకమ్మా, రేటంటే రేటే. ఇంకో నాలుగు పోగయ్యాక ఒకేసారి పంపిస్తాలే."

అలా మొదలైంది పోగెయ్యడం. వీధి వీధంతా చిన్నాచితకా పనులన్నీ ఒకే సంచిలో వేసి, కనీస ధరకి సరిపడా అయ్యాక ఒక్కరిచేత పంపేది. మనింటివీ అందులోనే వెళ్ళేవి. సంచి మోసేది ఇస్త్రీ ఆయన. పెదవి కదిపితే అరిగిపోతుందనుకునే రకం.

పీటెక్కి కూర్చునేవాళ్ళు లేక పని సాగింది, రాబడి పెరిగింది, వదిన మురిసిపోయింది. గుండీలక్క మాత్రం ఏ చొక్కా ఎవరిదో గుర్తుపట్టి, మనిషిని అడగాల్సింది చొక్కాని అడిగేది. "కోడలికి జ్వరం తగ్గిందా, టీచరుగారూ?"

చివరికి అట్ట పీకేసింది. అయినా సంచి ఆగలేదు. అందరికీ అదే సులువైపోయింది.

"కాసేపు కూర్చోవయ్యా," అంది ఇస్త్రీ ఆయనతో.

"పెట్టెలో బొగ్గులు ఆరిపోతాయండీ," అని ఆయన వెళ్ళిపోయాడు.

తర్వాత నాలుగేళ్ళు సంచి వచ్చింది, వెళ్ళింది. పోయేనాటికి ఆవిడకి అరవై ఒక్కేళ్ళు.