అమ్మ మెడకు తగిలిన ఎండ

దయ్యాల కథలు లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివేదాన్నే గానీ, ఏనాడూ నమ్మలేదు. ఇది దయ్యం సంగతని ఇప్పటికీ అనను.

విజయవాడలో ఒక పెద్ద ఆసుపత్రి ఆఫీసులో నేను టైపిస్టుని. ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. అక్కడే అమ్మకు మెడ మీది గడ్డ తీశారు. రోగుల తాలూకు వాళ్లందరికీ చూపించినట్టే ట్రేలో పెట్టి నాకూ చూపించారు. మామిడి టెంకంత ఉంది. ఒక పక్క సొట్ట.

అమ్మ దాన్ని సమాధుల తోటలో నాన్న పక్కన పాతిపెట్టమంది. "పునరుత్థానం నాడు ముక్కలు ఏరుకుంటూ తిరగలేనే" అంది. వెళ్లి అడిగితే డాక్టరు గారు, "కాల్చేశామమ్మా" అన్నారు.

గాయం మానింది. కానీ మధ్యాహ్నమైతే అమ్మ మెడ పట్టుకుని, "ఎండ తగులుతోందే" అనేది. వంటింట్లో నీడన కూర్చునే అనేది. నరాల బాధనుకున్నాను.

ఒకరోజు సంతకం కోసం డాక్టరు గారిని వెతుక్కుంటూ నర్సులకు పాఠాలు చెప్పే గదిలోకి వెళ్లాను. పడమటి కిటికీలో గాజు సీసాలు. ఒకదానిలో అదే సొట్ట. ఎండ సూటిగా దాని మీద పడుతోంది.

సీసాను తీసి బీరువా పక్కన నీడలో పెట్టాను.

సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే అమ్మ, "ఇవాళ ఎండ తగల్లేదే" అంది.

నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు సీసాను మళ్లీ కిటికీలో పెట్టాను. ఇంటికి వెళ్లేసరికి అమ్మ మెడకు తడిగుడ్డ చుట్టుకుని ఉంది. పరీక్ష పెట్టినందుకు సిగ్గేసింది.

తెల్లారి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను.

"కాల్చేశామన్నారు కదండీ."

"అలాంటిది అరుదమ్మాయ్. మద్రాసులో పరిశోధనకి పనికొస్తుంది. పారేసేదేగా."

"అమ్మనొక మాట అడగాల్సిందండీ. పాతిపెట్టుకుంటాం, ఇచ్చెయ్యండి."

"గడ్డకి కూడా పెట్టె చేయిస్తారా ఏంటి?" అని నవ్వి, రేపు చూద్దామన్నారు.

మర్నాడు కిటికీలో ఆ సీసా లేదు. అడిగితే, "ఏ సీసా?" అన్నారు. నా ముఖం చూడకుండానే అన్నారు.

సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. అమ్మ మంచం పట్టె రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"పొద్దుట్నుంచీ ఒకటే కుదుపే. రైల్లో ఉన్నట్టుంది. నన్నెక్కడికి తీసుకెళ్తున్నారే?"

సీసా సంగతి నేను అమ్మకు అప్పటికీ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు ఎండ తగలడం లేదట. చీకటిగా ఉందంటుంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ నాన్న పక్కన ఖాళీ చోటు చూపించి, "మొత్తంగా వస్తానంటావా?" అని అడుగుతుంది.

ఆమెకు ఎలా తెలుస్తోందో నాకు తెలియదు.