దానంతట అదే పోతది

మా డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లో 'వార్తలు, విజయాలు' అని ఒక పేజీ ఉండేది. దాన్ని నింపడం నా పని. ఎవరికి శాలువా కప్పినా, ఎవరు సెమినార్‌కు పోయి ఫొటో దిగొచ్చినా నేనే ఎక్కించాలి. అట్లా ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒకరోజు నా పని మీద మా హెడ్ పేరు నా చేతులతోనే టైపు చేశాను. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలని కూడా నాకు లేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో కాంట్రాక్టు లెక్చరర్‌ని. మా యూనివర్సిటీ ఎల్బీనగర్ దాటి పెద్ద అంబర్‌పేట్ వైపు ఉండేది. పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చి, బస్సుల్లేక ఎండలో వెనక్కి నడిచిపోయేవాళ్లు. చూడలేక ఒక ప్రోగ్రామ్ రాశాను. ఏ దారి తెరిచి ఉందో, క్లాసులున్నాయో లేదో చెబుతూ రోజూ పొద్దున ఎనిమిదింటికి అందరి ఫోన్లకూ మెసేజ్ పోతుంది.

పంపడం వరకే ప్రోగ్రామ్ పని. దారి సంగతి దానికేం తెలుసు? దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేస్తూ అక్కడే ఉండే మా నాయనకూ, పెద్ద అంబర్‌పేట్‌లో ఉండే మా మేనమామకూ లేవగానే ఫోన్ చేసి, వాళ్లు చెప్పింది నేను టైపు చేసేదాన్ని. టైపు చేయకపోతే నిన్నటి మెసేజే మళ్లీ పోతుంది. ఈ ముక్క డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ప్రోగ్రామ్‌కు యూనివర్సిటీ అవార్డు వచ్చింది. శాలువా మాత్రం హెడ్ భుజాల మీద పడింది. 'దారులను తనంతట తానే కనిపెట్టే సిస్టమ్. రూపకర్త మా విభాగాధిపతి' అని ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను.

"సర్, నా పేరు?" అన్నాను.

"గిదేంది మేడమ్! అందరు పేరు కోసం చేస్తే ఉద్యమం ఎట్ల నడుస్తది?" అన్నాడు.

ఆయన పరాయివాడైతే తిట్టుకోవడం సులువయ్యేది. మావాడే. మెడలో కండువా, నోట్లో నినాదం. మాది పోచంపల్లి పక్కన నేతపని ఇల్లు. నా చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చుని నేసింది మా నాయన, చీర పెట్టె మీద పేరు షావుకారిది. ఆ పెట్టెలు చూస్తూ పెరిగినదాన్ని, ఇంత చదివాక నా నెత్తినా అదే పడితే ఊరుకుంటానా? అదును కోసం కాచుకు కూర్చున్నాను.

అదును ఆయనే తెచ్చిపెట్టాడు. విభాగాలను పరిశీలించే కమిటీ వచ్చి సిటీలో దిగింది. మర్నాడే బంద్. పిల్లలకు ముందే సెలవు చెప్పేశాం. హెడ్ హుషారుకు మాత్రం పట్టపగ్గాల్లేవు. కమిటీవాళ్ల నంబర్లు సిస్టమ్‌లో ఎక్కించమని నాకిచ్చి, "రేపు మా సిస్టమ్ చూపించిన దారిలనే మిమ్మల్ని తీస్కపోతా" అని వాళ్లకు మాటిచ్చాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"మేడమ్, రేపు వంటావార్పు ఉంది. మన డిపార్ట్‌మెంట్ తరఫున మీరు పొద్దుగాలనే పోవాలె. జర ఫొటోలు దియ్యండి, వార్తల పేజీల పెడదాం."

వంటావార్పు అంటే నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం. రోడ్డు దానితోనే ఆగిపోతుంది. పోలీసులు ముందే వచ్చి కూర్చుంటారని చోటు తెల్లారేదాకా చెప్పేవాళ్లు కాదు.

"మరి పొద్దుటి మెసేజ్, సర్?"

"అది దానంతట అదే పోతది గదా?"

"పోతది సర్," అన్నాను. అబద్ధమేమీ ఆడలేదు.

మర్నాడు పొయ్యిలు ఎల్బీనగర్ చౌరస్తాలో వెలిగాయి. నేను పప్పు కలుపుతుంటే నా ఫోన్‌కూ మెసేజ్ వచ్చింది: 'ఎల్బీనగర్ దారి తెరిచి ఉంది. బస్సులన్నీ నడుస్తున్నాయి.' కొంగుతో చేయి తుడుచుకుని రెండుసార్లు చదివాను. అక్షరం మారకుండా నిన్నటిదే.

కాసేపటికి కమిటీవాళ్లతో యూనివర్సిటీ కారు వచ్చి మా పొయ్యిల ముందు ఆగిపోయింది. "దిగుండ్రి, తిని పోండ్రి" అని మావాళ్లు అందరినీ దింపి చేతుల్లో విస్తరాకులు పెట్టారు. హెడ్ కూడా దిగాడు. కమిటీలో కోస్తా వైపు పెద్దాయన ఒకరు ఫోన్ చూపించి, "ఏమండీ, దారి తెరిచే ఉందని మీ సిస్టమ్ చెప్పిందే?" అన్నారు.

"నెట్‌వర్క్ పరేషాన్ ఉన్నట్టుంది సర్," అంటూ హెడ్ ఇటు తిరిగి నన్ను చూశాడు. నేను ఆయన విస్తరాకులో పొగలు కక్కే అన్నం వేశాను. ఆపైన పప్పు వేశాను.

"నెట్‌వర్క్ మంచిగనే ఉంది సర్. పొద్దున దారి కనుక్కొని టైపు చేసే మనిషిని మీరు వంటకు పంపిండ్రు," అన్నాను.

పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "అసలు ఈ ప్రోగ్రామ్ రాసిందెవరు?"

ఆ మాట హెడ్ నోటినుంచే రావాలి. గరిటె పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. వేడి అన్నానికి ఆయన అరచేతులు కాలుతున్నాయి, కింద పెడదామంటే అంతా రోడ్డు. చివరికి నా పేరు చెప్పాడు.

"మరి మీ పేజీలో ఈ అమ్మాయి పేరు లేదేం?"

"పెడతం సర్. ఇయ్యాలనే పెడతం."

ఆ సాయంత్రమే పెట్టాను. రూపకర్తగా నా పేరొక్కటే. అయినా ఆయన్ని పేజీలోంచి తీసేయలేదు. ఫొటోలు దియ్యమని అడిగింది ఆయనే కదా. విస్తరాకు పట్టుకుని దిక్కులు చూస్తున్న ఫొటో పెట్టి, కింద 'వంటావార్పులో భోజనం చేస్తున్న విభాగాధిపతి' అని రాశాను.

తర్వాత నా కాంట్రాక్టు పొడిగించలేదు. పోతే పోయింది. నేను వెళ్లాక ఆ పేజీ నింపడానికి వాళ్లకు ఎవరూ దొరకలేదట. చాలాకాలం ఎవరు తెరిచినా మా డిపార్ట్‌మెంట్ తాజా వార్త అదే.